వెనకాల నడిచే సర్వీసులు: ఏవి ఆపొచ్చు, ఏవి ముట్టకూడదు

ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాల్లో రోజూ వినపడే మాట ఒకటే: "సిస్టం శానా స్లో అయిందన్నా, కొంచెం చూడు." దీనికి రెండు మందులు చెలామణిలో ఉన్నాయి. ఒకటి ఫార్మాట్ కొట్టడం. రెండోది విండోస్‌లో వెనకాల నడిచే సర్వీసుల్లో అక్కరలేనివన్నీ ఆపేయడం. ఈ రెండోది యూట్యూబ్ వీడియోల దారిన ఇళ్లలోకి వచ్చింది. ఇంటర్ చదివే పిల్లవాడు వీడియో చూసి, అందులో చెప్పిన పేర్లన్నీ వరసబెట్టి డిసేబుల్ చేస్తాడు. రెండు రోజులు సిస్టం తేలికైనట్టే ఉంటుంది. ఆ తర్వాత నాన్నకు ప్రింటు రాదు, అక్కకు తెలుగు టైపు పడదు. ఎందుకో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు.

నేను చెప్పదలచింది మొదటే చెబుతాను. ఏ సర్వీసు అక్కరలేదో తేల్చవలసింది ఆ ఇంట్లో ఆ కంప్యూటర్ మీద జరిగే పనే. ఎక్కడో అమెరికాలో ఆటలాడుకునేవాళ్ల కోసం తయారైన జాబితాను పత్తి మండీ గుమాస్తా ఇంట్లోనో, ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంట్లోనో అమలు చేస్తే మేలు కన్నా కీడు ఎక్కువ. సర్వీసులు ఆపడం వల్ల లాభం లేదని నేను అనను. ఉంది. కాకపోతే జనం ఆశించే వేగంలో కన్నా నెట్ డేటా ఆదాలోనూ, భద్రతలోనూ ఆ లాభం ఎక్కువ.

సర్వీసు అంటే తెర మీద ఏమీ చూపకుండా, మనం పాస్‌వర్డు కొట్టకముందే మొదలై తన పని తాను చేసుకుపోయే ప్రోగ్రాము. ప్రింటుకు పంపినవాటిని వరసలో పెట్టేది ఒకటి, వైఫై వెతికి కలిపేది ఒకటి, గడియారం సరిచేసేది ఒకటి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి 'సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ' అని కొడితే మొత్తం జాబితా కనపడుతుంది. ఒక్కోదాని ఎదుట అది ఎలా మొదలవుతుందో రాసి ఉంటుంది: ఆటోమేటిక్, కాస్త ఆగి మొదలయ్యే డిలేడ్ ఆటోమేటిక్, మాన్యువల్, డిసేబుల్డ్. మాన్యువల్ అని ఉంటే అవసరమొచ్చినప్పుడు విండోసే దాన్ని లేపుకుంటుంది. డిసేబుల్డ్ అని పెడితే ఎంత అవసరమొచ్చినా అది లేవదు. ఈ ఒక్క తేడా తెలియకపోవడమే సగం చిక్కులకు మూలం.

సర్వీసులు ఆపే అలవాటు పుట్టిన కాలంలో దానికి గట్టి కారణమే ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ ర్యామ్, 128 ఉంటే మేలు అని మైక్రోసాఫ్ట్ చెప్పిన రోజులవి. అంత చిన్న జాగాలో ఒక్కో సర్వీసు పట్టే రెండు మూడు ఎంబీలూ లెక్కలోకి వచ్చేవి. బ్లాక్ వైపర్ అనే మారుపేరుతో ఒకాయన కూర్చిన సర్వీసుల జాబితాలు అప్పుడే ప్రపంచమంతా తిరిగాయి. భద్రత వైపు నుంచీ తోడ్పాటు దొరికింది. ఒకే ఆఫీసులోని కంప్యూటర్ల మధ్య కబురు పంపడానికి పెట్టిన మెసెంజర్ సర్వీసును ప్రకటనలవాళ్లు పట్టుకుని, నెట్‌కు కలిసిన ప్రతి సిస్టం తెర మీదా పెట్టెలు విసిరేవాళ్లు. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో మైక్రోసాఫ్టే దాన్ని ఆపేసి, ఫైర్‌వాల్‌ను ముందే వేసి ఇచ్చింది. అంతకు ఏడాది ముందు, 2003 ఆగస్టులో, బ్లాస్టర్ పురుగు ఆర్‌పీసీ అనే సర్వీసులోని లోపం గుండా దూరి, అరవై సెకన్లలో సిస్టం ఆగిపోతుందని హెచ్చరించి మరీ ఆపేసేది. ఆర్‌పీసీని ఆపే వీలే లేదు, విండోస్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. కాబట్టి ఆ జబ్బుకు మందు ఫైర్‌వాల్, అప్‌డేటు. ప్రమాదమున్న ప్రతిదాన్నీ ఆపి తప్పించుకోలేమని అప్పుడే తేలింది.

ఆ తర్వాత విండోస్ మారింది. 2007లో విస్టాతో డిలేడ్ పద్ధతి వచ్చింది. 2009లో విండోస్ 7తో, బ్లూటూత్ పరికరం తగిలించినప్పుడో, నెట్ కలిసినప్పుడో మాత్రమే లేచే సర్వీసులు వచ్చాయి. అంటే జాబితాలో కనపడేవాటిలో చాలా భాగం అసలు నడవడమే లేదు. నిద్రపోతున్నదాన్ని డిసేబుల్ చేస్తే దక్కే ర్యామ్ సున్నా. 2017 నుంచి, ర్యామ్ మూడున్నర జీబీ దాటిన సిస్టంలలో ఒక్కో సర్వీసుకు దాన్ని నడిపే 'ఎస్‌వీసీహోస్ట్' ఒక్కోటి విడిగా కనపడేటట్టు విండోస్ 10ను మార్చారు. ఒకటి పాడైతే మిగతావి పడిపోకుండా చేసిన ఏర్పాటది. టాస్క్ మేనేజర్‌లో అదే పేరు పదుల సార్లు చూసి వైరస్ అనుకుని హడలిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది వైరస్ కాదు.

మరి సిస్టం ఎందుకు నత్తనడక నడుస్తోంది? మన ప్రాంతపు ఇళ్లలో ఉన్నవాటిలో చాలావరకు బెంగళూరు, హైదరాబాదు ఆఫీసులు వాడి తీసేసినవి, లేదా పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020 తర్వాత హడావుడిగా కొన్నవి. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, దాని మీద విండోస్ 10. అలాంటి సిస్టం వేసి, తెర వచ్చిన వెంటనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. సీపీయూ ఇరవై ముప్ఫై శాతం దగ్గర ఆడుతుంటుంది. డిస్క్ గడి మాత్రం ఎర్రబడి నూరు శాతం దగ్గర నిలిచిపోతుంది. ఆ గడి మీద నొక్కితే డిస్కును ఎక్కువగా తింటున్నవి పైకి వస్తాయి. ఒకవైపు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఫైళ్లు తనిఖీ చేస్తుంటుంది. ఇంకోవైపు గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ ఇంకా పాతుకుని ఉంటుంది. బ్రౌజరు తన కొత్త వెర్షన్ వెతుక్కుంటుంది, ప్రింటరు కంపెనీ వేసిన సహాయకుడు ఇంకు లెక్క చూస్తుంటాడు, వన్‌డ్రైవ్ ఫోటోలు సర్దుతుంటుంది. అన్నీ ఒకేసారి అడుగుతుంటే తిరిగే డిస్కు సూది ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరుగెత్తడంలోనే కాలం గడిచిపోతుంది.

ఆ జాబితాలో విండోస్ సొంత సర్వీసులు తక్కువ, బయటివాళ్లు తెచ్చిపెట్టినవి ఎక్కువ అన్నది గమనించాలి. కాబట్టి మొదట చేయి పెట్టవలసింది టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్‌లో. అక్కడ ఆపినదేదీ సిస్టంను పడగొట్టదు, వాడుకోవాలంటే మనమే తెరుచుకోవచ్చు. రెండోది, 'ఎంఎస్‌కాన్ఫిగ్' తెరిచి సర్వీసుల ట్యాబ్‌లో మైక్రోసాఫ్ట్ సర్వీసులు దాచే గడికి టిక్కు పెట్టడం. అప్పుడు మిగిలేవి బయటివాళ్లవే. ఇంకా లోతుగా చూడాలంటే మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ రాసిన ఆటోరన్స్ ఉంది. వాళ్ల సంస్థను 2006లో మైక్రోసాఫ్ట్ కొన్న తర్వాత కూడా అది ఉచితంగానే దొరుకుతోంది. ట్రయల్ యాంటీవైరస్‌ను మాత్రం ఆపడం కాదు, పూర్తిగా తీసేయాలి. అది పోతే డిఫెండర్ తనంతట తానే బాధ్యత తీసుకుంటుంది.

ఆదోనికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది, దీన్ని ఏ జాబితా చెప్పదు. జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల ఇళ్లలో గాలిలో తేలే పత్తి నూగు సీపీయూ ఫ్యాను రెక్కల మధ్య, దాని కింది లోహపు పళ్ల మధ్య దూదిలా పేరుకుంటుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం సీపీయూ కాగిపోయి, కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం మొరాయించే సిస్టం ఉంటే సర్వీసుల జోలికి పోకముందు క్యాబినెట్ మూత తీసి బ్రష్షుతో దుమ్ము దులపాలి. ఇక ఆ డిస్కు తీసి, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే తేడా ఎన్ని సర్వీసులు ఆపినా రాదు. డబ్బు పెట్టగలిగినవాళ్లకు నా మొదటి సలహా అదే.

విండోస్ సొంత సర్వీసుల్లో వాదం ఎక్కువగా మూడింటి మీద నడుస్తోంది. మొదటిది సిస్‌మెయిన్, పాత పేరు సూపర్‌ఫెచ్. మనం తరచూ తెరిచే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చి పెట్టడం దాని పని. తిరిగే డిస్కు ఉన్న సిస్టంకు మేలు చేయడానికే దాన్ని పెట్టారు. కానీ ర్యామ్ తక్కువైన చోట అదే డిస్కును మరింత నొక్కిన సందర్భాలూ ఉన్నాయి. దీన్ని ఆపి ఒక వారం చూసి, తేడా లేకపోతే మళ్లీ వేయడమే సరైన పద్ధతి. రెండోది ఫైళ్లు వెతికిపెట్టే విండోస్ సెర్చ్. దాన్ని మొత్తం ఆపడం కన్నా, ఏ ఫోల్డర్లు లెక్కలో పెట్టాలో తగ్గించడం మంచిది. పెళ్లి వీడియోలున్న డ్రైవును అది తడుముకోనక్కరలేదు. మూడోది మన వాడకం వివరాలు మైక్రోసాఫ్ట్‌కు పంపే టెలిమెట్రీ సర్వీసు. దీన్ని ఆపితే ఇంటి పనులేవీ చెడవు. మన వివరాలు బయటికి పోవడం ఇష్టం లేని వాళ్లకు అదొక్కటే చాలినంత కారణం. వేగం కోసమైతే పెద్దగా ఆశించొద్దు.

డేటా సంగతి మన దగ్గర వేగం కన్నా ముఖ్యం. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనా, పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్ల కంప్యూటర్లు నడిచేది ఫోను హాట్‌స్పాట్ మీదే. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకు. కోసిగిలోనో, పెద్దకడబూరులోనో ఉన్న పిల్లవాడు ఈఏపీసెట్ పాఠం చూద్దామని హాట్‌స్పాట్ వేసిన పావుగంటకే ఆ రోజు డేటా అయిపోతుంది. విండోస్ అప్‌డేటు తినేసి ఉంటుంది. వీడియోలు చెప్పే మందు విండోస్ అప్‌డేట్ సర్వీసును డిసేబుల్ చేయడం. అది తప్పు మందు. పైగా విండోస్ 10లో దాన్ని మళ్లీ లేపడానికి ఇంకో కాపలా సర్వీసు కూడా ఉంది. సరైన ఉపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. వైఫై పేరు మీద నొక్కి 'మీటర్డ్ కనెక్షన్' అని పెట్టండి. అప్పుడు చాలా అప్‌డేట్లు వాటంతట అవి దిగవు. నెలకు ఒకసారి డేటా మిగిలిన రాత్రి మనమే దించుకోవచ్చు. దాంతోపాటు డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇతర కంప్యూటర్లతో పంచుకునే మీట ఆపండి. అది వేసి ఉంటే మనం దించుకున్న అప్‌డేటు ముక్కలు మన డేటా మీదే వేరేవాళ్లకు ఎక్కే అవకాశం ఉంది.

భద్రత విషయంలో ఆంధ్రప్రదేశ్‌కే ఒక పాఠం ఉంది. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై రాన్సమ్‌వేర్ దాడిలో మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లకు కొన్ని జిల్లాల్లో తాళాలు పడ్డాయి. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1లోని లోపమే దానికి తలుపు. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అతుకు విడుదల చేసింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అదే ఏడాది అక్టోబరు నుంచి కొత్తగా ఎక్కించే విండోస్ 10లో ఎస్‌ఎంబీ 1 సర్వరు భాగం ఉండడం లేదు. పాత సిస్టంలలో ఉంటే 'విండోస్ ఫీచర్స్'లో టిక్కు తీసేయాలి. మండీ ఆఫీసులో పాత ఎక్స్‌పీ సిస్టంతో లెక్కల ఫోల్డరు పంచుకునేవాళ్లకే దానితో పని. వాళ్లు కూడా ఆ ఎక్స్‌పీనే తీసేయడం మేలు. 2021 జులైలో ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ లోపం బయటపడినప్పుడు, ప్రింటు అవసరం లేని చోట స్పూలర్‌నే ఆపమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ప్రింటరు లేని ఇంట్లో స్పూలర్ ఆపడం అందుకే నూటికి నూరుపాళ్లు సబబు. లినక్స్‌వాళ్లకూ మినహాయింపు లేదు. 2024 సెప్టెంబరులో ప్రింటర్లను వెతికే కప్స్-బ్రౌజ్డ్ సర్వీసులో లోపం బయటపడితే వాళ్లకూ అదే సలహా వెళ్లింది.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. బయటి జాబితాలు ఆపమనేవి, మన ఇళ్లలో ఆపితే పని నిలిచిపోయేవి.

స్మార్ట్ కార్డ్ సర్వీసును దాదాపు ప్రతి వీడియో ఆపమంటుంది, ఇంట్లో స్మార్ట్ కార్డు ఎవరికుంటుందని వాళ్ల లెక్క. 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ కింద, కంపెనీగా నమోదైన ఆదోని మిల్లుల రిటర్నులకు డిజిటల్ సంతకం టోకెన్ తప్పనిసరి. పెన్‌డ్రైవులా కనపడే ఆ టోకెన్లలో చాలావాటిని విండోస్ చూసేది స్మార్ట్ కార్డుగానే. సర్వీసు ఆగితే టోకెన్ పెట్టినా సర్టిఫికెట్ కనపడదు. జీఎస్టీ పోర్టల్‌లో సంతకం పడడానికి ఎమ్‌సైనర్ అనే ప్రోగ్రాము కూడా వెనకాల నడుస్తుండాలి. ఇరవయ్యో తేదీ సాయంత్రం ఇంటి దగ్గర కూర్చుని రిటర్ను వేసే అకౌంటెంటుకు ఇవి రెండూ ఎంత అవసరమో వేరే చెప్పక్కరలేదు.

అకౌంటెంట్ల సిస్టంలో టాలీ గేట్‌వే సర్వర్ అనే సర్వీసు ఉంటుంది. పేరు చూసి, సర్వర్ మనకెందుకని ఆపేస్తారు. లైసెన్సు చూసి చెప్పేది అదే. అది లేకపోతే టాలీ చదువుకునేవాళ్ల పద్ధతిలో తెరుచుకుంటుంది. నెలలో మొదటి రెండు రోజులు, చివరి రోజు తప్ప మిగతా తేదీల్లో వోచరు ఎక్కించనివ్వదు. తేదీ పడడం లేదంటే టాలీ చెడిపోయిందనుకుని మళ్లీ ఎక్కించినవాళ్లు ఉన్నారు. సర్వీసు మీద స్టార్ట్ నొక్కితే సరిపోయేది.

ఇక ఆర్‌డీ సర్వీసు. మన నెట్ సెంటర్లలో అందరి నోటా ఉండే సర్వీసు పేరు ఇదొక్కటే అనుకుంటాను. ఆధార్ వేలిముద్ర పరికరాలు నమోదైన పరికరాలుగానే పనిచేయాలని ఆధార్ సంస్థ 2017లో నిబంధన పెట్టింది. పరికరం లోపలే వేలిముద్రకు తాళం వేసి పంపించే ప్రోగ్రామే ఆర్‌డీ సర్వీసు. పెన్షనుదారులు ఇంట్లోనే పరికరం పెట్టుకుని జీవన్ ప్రమాణ్ పత్రం దాఖలు చేసే వీలు 2014 నుంచి ఉంది. రిటైరైన టీచర్ల ఇళ్లలో అలాంటి పరికరాలు అక్కడక్కడా చూస్తాం. ఆ సర్వీసు ఏడాదికి ఒక్కసారి వాడేదే కావచ్చు, డిసేబుల్ చేస్తే మాత్రం ఆ ఒక్కరోజే పరికరం 'నాట్ రెడీ' అంటుంది. మాన్యువల్‌లో పెట్టి, పని రోజున స్టార్ట్ నొక్కుకోవడం దీనికి తగిన ఏర్పాటు.

తెలుగు టైపు చేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. టచ్ కీబోర్డ్ అండ్ హ్యాండ్‌రైటింగ్ ప్యానెల్ అనే సర్వీసును, టచ్ తెర లేదు కదా అని ఆపమంటారు. విండోస్ 10లో దాన్ని ఆపితే స్టార్ట్ మెనూ వెతుకుడు గడిలో అక్షరమే పడకపోవచ్చు, ఇంగ్లీషు నుంచి తెలుగు కీబోర్డుకు మారడమూ చిక్కవుతుంది. విండోస్ 11లో ఇది పేరు మార్చుకుని ఇంకా కీలకమైంది. ఎమ్మిగనూరు ఫ్లెక్సీ, డీటీపీ దుకాణాల పని ఇంటికి తెచ్చుకునేవాళ్లకు అనూ స్క్రిప్ట్ మేనేజర్ కూడా ఇలాంటిదే. స్టార్టప్‌లోంచి తీసేస్తే పేజ్‌మేకర్‌లో తెలుగు రావాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు పడతాయి.

ఆపినా ఏమీ కానివి కూడా చెప్పాలి. ఎక్స్‌బాక్స్ పేరున్న సర్వీసులు, ఫ్యాక్స్, దుకాణంలో ప్రదర్శనకు పెట్టే రిటైల్ డెమో, దించుకున్న మ్యాపుల మేనేజరు. ఇవి మన ఇళ్లలో ఎవరికీ అక్కరలేదు. మైక్రోసాఫ్టే విండోస్ సర్వర్ 2016 కోసం సర్వీసులను ఆపదగ్గవి, ఆపినా పరవాలేనివి, ఆపకూడనివి అని విడదీసి చెప్పినప్పుడు ఎక్స్‌బాక్స్ వాటిని ఆపదగ్గవాటిలోనే చేర్చింది. బ్లూటూత్ లేని డెస్క్‌టాప్‌లో బ్లూటూత్ సర్వీసు కూడా అంతే.

పద్ధతి విషయంలో నేను పట్టుబట్టేది ఇది. ముందు రీస్టోర్ పాయింటు పెట్టుకోండి. ఒక రోజుకు ఒక సర్వీసే మార్చండి. పేరు, పాత స్థితి, తేదీ నోటుపుస్తకంలో రాయండి. సర్వీసు మీద రెండుసార్లు నొక్కితే వచ్చే పెట్టెలో 'డిపెండెన్సీస్' అనే ట్యాబ్ ఉంటుంది, దాని మీద ఆధారపడ్డవి అందులో కనపడతాయి. ఆ జాబితా పొడుగ్గా ఉంటే వదిలేయండి. డిసేబుల్డ్ కన్నా మాన్యువల్ ఎప్పుడూ క్షేమం. ఒక్క మీటతో అన్నీ ఊడబీకే డీబ్లోటర్ స్క్రిప్టులను, వాటిలో ఏముందో చదవగలిగినవాళ్లు తప్ప ఇంటి సిస్టం మీద నడపకూడదు. విండోస్ పెద్ద అప్‌డేటు వచ్చినప్పుడు మనం ఆపినవి కొన్ని మళ్లీ లేస్తాయి. నోటుపుస్తకం అప్పుడూ పనికొస్తుంది.

చదువు, బ్రౌజింగు వరకే వాడే ఇళ్లలో లినక్స్ నిజంగా మంచి దారి. అక్కడ 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్' అని కొడితే ఏ సర్వీసు ఎన్ని సెకన్లు తిందో వరసగా చెబుతుంది. టాలీ, టోకెన్, వేలిముద్ర పరికరం ఉన్న ఇంట్లో మాత్రం ఈ రోజుకీ విండోస్ తప్పేట్టు లేదు.

అలాంటి ఇళ్లకు ఇప్పుడు తొందరగా చూసుకోవలసిన పని ఒకటుంది. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని పాత సిస్టంలు విండోస్ 11కు అర్హం కావు. వాటికి 2026 అక్టోబరు 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు కావాలి. ఎప్పుడో వీడియో చూసి విండోస్ అప్‌డేట్ సర్వీసును డిసేబుల్ చేసి మరిచిపోయినవాళ్లకు నమోదు చేసినా ఆ అప్‌డేట్లు దిగవు. సర్వీసెస్ జాబితాలో కిందికి వెళ్లి, దాని ఎదుట డిసేబుల్డ్ అని ఉంటే మాన్యువల్‌కు మార్చి, సిస్టం ఒకసారి రీస్టార్ట్ చేసి, డేటా ఉన్న రాత్రి అప్‌డేట్లు దించుకోండి.